నీడలు చూసి చుక్కలు చెప్పిన మేడం

మేడం పోయారన్న కబురు పొద్దున్నే, నేను కాలేజీకి బయల్దేరుతూ టిఫిన్ క్యారియర్ మూత పెడుతుండగా వచ్చింది. ఫోన్ చేసింది ఆమె చెల్లెలు. "అక్క పోయిందిమ్మా. నిద్రలోనే," అని చెప్పి, ఫోన్ పక్కన పెట్టేసింది. అవతల ఎవరో ప్రార్థన చేస్తున్న గొంతు వినిపిస్తూ ఉండింది. ఆ గొంతు వింటూ, ఫోన్ కట్ చేయకుండా వంటింట్లో అట్లాగే నిలబడిపోయాను.

మేడం మాకు ఎమ్మెస్సీలో ఫిజిక్స్ చెప్పారు. తర్వాత నా పీహెచ్‌డీకి గైడ్ కూడా ఆమే. తిరుపతిలో ఉద్యోగం చేసి రిటైరై, చంద్రగిరిలో చెల్లెలితో కలిసి ఉండేవారు. పెళ్లి చేసుకోలేదు. ఆకాశం నుంచి వచ్చే ఎక్స్ కిరణాలతో, గామా కిరణాలతో బొమ్మలు తీయడం ఆమె పని. ఈ సంగతి చెప్పినప్పుడల్లా జనం ఆమెను ఆస్పత్రి మనిషి అనుకునేవాళ్లు. పెళ్లిళ్లలో తమ మోకాళ్ల ఎక్స్‌రేలు తెచ్చి ఆమె చేతిలో పెట్టినవాళ్లు ఉన్నారు. ఆమె ఓపిగ్గా వాటిని వెలుతురుకు ఎత్తిపట్టి చూసి, "బొమ్మ అయితే బాగా వచ్చింది. మోకాలి సంగతి డాక్టరును అడగండి" అని వెనక్కి ఇచ్చేవారు.

ఆ రోజు నేను బ్యాగు భుజాన వేసుకునేసరికి మా అత్త గుమ్మానికి అడ్డం నిలబడింది. నాకు అప్పుడు ఏడో నెల.

"ఈ కడుపుతో సావింటికి యాడికి పోతావు? పోకూడదు," అంది.

"ఆమె నాకు చదువు చెప్పిన మనిషి అత్తా."

"చెప్పింటాది. ఎవురు కాదన్నారు? బిడ్డ పుట్టినాక సమాధి కాడికి పోయి దండం పెట్టుకో."

మా అమ్మకు ఫోన్ చేస్తే ఆమె ఇంకో నాలుగాకులు ఎక్కువే చదివింది. మా ఆయన చెప్పులు వేసుకుని బయట నిలబడ్డాడు కానీ బండి తాళం తీయలేదు. కడుపుతో ఉన్న ఆడది శవాన్ని చూడకూడదట. చూస్తే ఏమవుతుందని అడిగితే ఒక్కరూ చెప్పలేరు. లెక్కాపత్రం లేని మాట అది. కడుపు నాదైనా అందులో నాకు తప్ప అందరికీ వాటా ఉన్నట్టు మాట్లాడారు. చివరికి మళ్లీ మేడం చెల్లెలికే ఫోన్ చేశాను. "మాకు ఆ పట్టింపులు లేవుమ్మా," అంది ఆమె. "కానీ నీ ఇంట్లో రగడ పెట్టుకోని రావద్దు. అక్క ఉన్నింటే నన్నే తిట్టేది."

పాకాలలో వాళ్ల నాయన సమాధి పక్కనే ఆమెను పెట్టారట. నేను వెళ్లలేదు. ఆఖరిసారి ఆ ముఖం చూడలేదు, ఆ చెయ్యి పట్టుకోలేదు. దగ్గరివాళ్లు పోయినప్పుడు కనీసం ఆ కాస్సేపు పక్కన ఉండగలిగితే మనసుకు ఒక ఆనవాలు మిగులుతుంది. నాకు అది లేదు. పాకాల రైలు పట్టాల అవతల ఎక్కడో ఆమెను మట్టిలో పెడుతుంటే, నేను ఇక్కడ పచ్చడికి చింతపండు నానబెట్టాను. ఆ బాధ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఇది రాస్తున్నాను.

మేడం వాళ్ల నాయన పాకాల జంక్షన్‌లో రైల్వే గార్డు. ఆమె పుట్టి పెరిగింది రైల్వే క్వార్టర్లలో. "మా నాయన దీపం సూపిస్తే రైలు కదిలేది, నేను దీపం సూపిస్తే మీరు నిద్రపోతారు," అని మమ్మల్ని దెప్పేవారు. పాఠం మొదట్లో పుస్తకంలోలాగా శుద్ధంగా మాట్లాడేవారు. విషయం కఠినమయ్యేకొద్దీ పాకాల మాట బయటికొచ్చేది. ఆమె నోట 'సూడు' అని వచ్చిందంటే ఇక పెన్నులు కింద పెట్టి వినాలని మాకు తెలుసు.

"ఎలుతురు మన మాట ఇంటాది," అని మొదలుపెట్టారు ఒక రోజు. "అద్దం పెడితే వంగుతాది, అందరూ ఒక చోటికి చేరండి అంటే చేరతాది. అట్ల చేరిస్తేనే బొమ్మ. ఈ గామా కిరణం ఉండాదే, అది మాట వినదు. అద్దం పెడితే అద్దంలోంచే దూరి పోతాది. మెత్తని ఎక్స్ కిరణాలనైనా ఏటవాలు అద్దాల మీద జార్చి ఎట్లో ఒకట్ల దారికి తేవచ్చు. గట్టివాటి కాడ అద్దాలు చేతులెత్తేస్తాయి. మరి వంచలేనిదాన్ని ఏం చేస్తాం?"

మేం గోడలు చూశాం.

"అడ్డం పెట్టి నీడ సూస్తాం," అన్నారు.

ఆ మర్నాడు ల్యాబు కిటికీలకు నల్ల గుడ్డలు కట్టించారు. ఇంటి నుంచి పిండి జల్లెడ తెచ్చారు. వెనక ఒకరు టార్చి పట్టుకుంటారు. మధ్యలో మేడం జల్లెడ పట్టుకుంటారు. మేమందరం వెనక్కి తిరగకుండా గోడ మీద సుద్దముక్కతో గీసిన చదరంలో పడే నీడను మాత్రమే చూసి టార్చి ఎక్కడుందో చెప్పాలి. మొదటిసారి గుర్తు పెట్టుకున్నాం. రెండోసారి టార్చి జరిగింది. నీడ మాత్రం ముందెట్లా ఉందో అట్లాగే ఉంది. అందరం టార్చి కదలలేదనే చెప్పాం. వెనక్కి తిరిగి చూస్తే అది వేరే చోట ఉంది.

"సూసినారా," అన్నారు మేడం. "బుద్ధిగా వరసలో ఉండే బొక్కలు అబద్ధం చెప్తాయి. నీడ ఒక బొక్కంత జరిగితే మళ్లా మొదటి మాదిరే కనపడతాది. ఏది ఏదో ఎట్ల తెలుస్తాది?"

అప్పుడు చీర పెట్టె అట్ట ఒకటి బయటికి తీశారు. అందులో కత్తిరించిన గళ్లు చిందరవందరగా ఉన్నాయి. చూడ్డానికి ఎలుకలు కొరికిన అట్ట. నిజానికి ఏ గడి తెరవాలి, ఏది మూయాలి అన్నది ఆమె కూర్చుని లెక్క కట్టి వేసిందే. ఆ నీడ మీద అదే నీడను పెట్టి ఎటు జరిపినా ఒక్క చోటనే సరిగ్గా అతుకుతుంది. ఈసారి టార్చి ఎటు జరిగినా మేం చెప్పగలిగాం. రెండు టార్చీలు ఒకేసారి వెలిగిస్తే రెండు నీడలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. వాటిని కూడా విడదీసి చెప్పే ఉపాయం నేర్పారు. ఒక్క బొక్క పెడితే సరిపోతుంది కదా అని ఎవరో అడిగారు. "ఒక్క బొక్క నిజమే చెప్తాది. కానీ ఆకాశం నుంచి ఆ కిరణాలు ఒకటీ అరా వస్తాయి. ఒక్క బొక్క పెట్టుకోని కూసుంటే నీ మనవడు వచ్చి బొమ్మ సూసుకోవాల్సిందే," అన్నారు. ఉపగ్రహం మీద దుర్భిణి ముందు అట్టకు బదులు బరువైన లోహపు రేకు, గోడకు బదులు కిరణాలు పట్టే పలక, మా కళ్లకు బదులు కంప్యూటరు. అంతే తేడా. ఇంత పెద్ద విద్యను ఆమె చీర పెట్టెతో చెప్పారు. ఆ తర్వాత నేను ఎక్కడెక్కడో పెద్దవాళ్లు ఇదే పాఠం చెప్పగా విన్నాను కానీ నాకు మాత్రం అదే ల్యాబు, అదే అట్ట గుర్తొస్తాయి.

జల్లెడ మాత్రం ఇంటికి సరిగా తిరిగెళ్లేది కాదు. "పిండి జల్లించుకుందామంటే మా జల్లెడ యూనివర్సిటీకి పోయుంటాది," అని ఆమె చెల్లెలు నాతో ఎన్నిసార్లు మొత్తుకుందో.

మాతోనే ఒక చిన్న నమూనా చేయించారు. సీసపు రేకు కోసి, గళ్లు పెట్టి, ముందు బిగించి, ఎదురుగా ల్యాబులో వాడే, గామా కిరణాలు విడిచే బిళ్ల పెట్టాం. బిళ్ల కళ్లెదురుగా ఉంది. కంప్యూటరు మాత్రం ఏమీ లేదంటుంది. వైర్లన్నీ పీకి మళ్లీ పెట్టాం. ప్రోగ్రామంతా మొదటి నుంచి రాశాం. ఒకరి మీద ఒకరం అలిగాం. మేడం వచ్చి రేకు వైపు కాస్సేపు చూసి, "రవికె తిరగేసి తొడుక్కున్నట్టుండాది," అన్నారు. రేకును మేం వెనకది ముందుకు బిగించాం. నీడ అద్దంలో బొమ్మలాగా కుడిఎడమలైంది. దాన్ని విప్పి తిప్పి పెట్టగానే తెర మీద చుక్క వెలిగింది. ఆమె తిట్టలేదు. ఆ రేకు మూలన మేకుతో 'పైన' అని గీకారు, అంతే.

ఆమెకు ఒక మాట ఊతపదం. 'కొంచెం తిప్పి సూడు.' దాని కథ చెప్పాలి.

నా పీహెచ్‌డీ రోజుల్లో ఒక ఉపగ్రహం పంపిన పాత కొలతలతో పనిచేస్తున్నాను. అందరికీ తెలిసిన ఒక ప్రకాశవంతమైన ఎక్స్ కిరణ నక్షత్రం పక్కన, ఎవరి పట్టికలోనూ లేని ఒక మసక చుక్క నాకు కనిపించింది. ఎంతసేపు చూసినా అది అక్కడే ఉంది. నేను ఇంటికి ఫోన్ చేసి అమ్మకు చెప్పేశాను. అమ్మ ఏమర్థమైందో గానీ వీధిలో అందరికీ కేసరి పంచింది. మేడం మాత్రం తెర దగ్గరికి కుర్చీ లాక్కుని, కళ్లద్దాలు తుడుచుకుని చాలాసేపు చూసి, "బాగుండాది. కొంచెం తిప్పి సూడు," అన్నారు.

సంగతేమిటంటే, పక్కన బాగా వెలిగే నక్షత్రం ఉంటే దాని నీడను విడదీసేటప్పుడు లెక్కలో చిన్న చిన్న ముక్కలు మిగిలిపోతాయి. అవి అచ్చం నక్షత్రాల్లాగే చుక్కలై కనపడతాయి. మేం వాటిని దయ్యాలు అనేవాళ్లం. చుక్కో దయ్యమో తేల్చడానికి దుర్భిణి కాస్త వేరే దిక్కుకు తిరిగి ఉన్నప్పటి కొలతలు తీసుకోవాలి. నిజమైన చుక్క ఆకాశంలో తన చోటనే ఉంటుంది. దయ్యం దుర్భిణితో పాటు తిరుగుతుంది.

వేరే కొలతలు తెప్పించుకున్నాం. నా చుక్క తిరిగింది.

ఆ రోజు ల్యాబులో తల వంచుకుని ఏడ్చాను. మేడం ఓదార్చలేదు. క్యాంటీన్‌కు వెళ్లి మిరపకాయ బజ్జీలు పొట్లం కట్టించుకుని వచ్చారు. తనవి తినేసి, నావి సగం తినేసి, అప్పుడు చెప్పారు. "నేనూ ఒక దయ్యాన్ని సాకినా, నీ వయసులో. పేపరు గూడా రాసేసినా. ఇంగొక్కసారి సూద్దామని సూస్తే తిరిగింది. పేపరు ఎనక్కి తీసుకున్నా. లేనిదాన్ని లేదని చెప్పడం గూడా కనుక్కోవడమే మ్మే. దానికి ఎవురూ శాలువా కప్పరు, అంతే."

ఆమె బతుకులో కొత్త చుక్క ఒక్కటీ ఆమె పేరున లేదు. ఉండగలిగిన ఒక్కదాన్ని ఆమే కొట్టేశారు. చాలామంది అంత దూరం వచ్చాక చూడకుండా ఉండిపోతారు. నా థీసిస్ చివరికి ఈ దయ్యాలను గుర్తుపట్టడం ఎట్లా అన్నదాని మీదే అయింది. పట్టా కూడా వాటి పుణ్యమే.

ఆ ఊతపదం చదువుతో ఆగేది కాదు. కూరగాయల దగ్గర వంకాయను తిప్పి చూసేవారు. నాకు సంబంధం వచ్చినప్పుడు, "మొగోన్ని ఒక పక్కనుంచే సూసి సరే అనొద్దు," అన్నారు. అనడమే కాదు, ఒక సాయంత్రం ఆయన ఆఫీసు ముందున్న టీ బంకు దగ్గరికి చెప్పాపెట్టకుండా వెళ్లి ఆయన టీ తాగడం చూసి వచ్చారు. టీ బంకువాడితో ఎట్లా మాట్లాడతాడో, గ్లాసు ఎక్కడ పెడతాడో చూశారట. "రెండు పక్కలా ఒకే మాదిరి ఉండాడు, చేసుకో," అని తీర్పు చెప్పారు. మా ఆయన ఇది నలుగురిలో చెప్పి ఇప్పటికీ నవ్వుతాడు. ఆమె పోయిన రోజు బండి తాళం తీయకుండా నిలబడ్డ మనిషి కూడా ఆయనే. ఆ సంగతి ఆయనకూ గుచ్చుకుందని నాకు తెలుసు. ఆ రాత్రి అన్నం తినలేదు.

ఆదివారాలు చర్చి అయ్యాక తెల్ల చీరతోనే ల్యాబుకు వచ్చేవారు, మిషన్లు ఎట్లున్నాయో చూసిపోదామని. గొడుగు ఎండకే గానీ వానకు వేసేవారు కాదు. పరీక్షల రోజుల్లో అమ్మాయిల హాస్టల్‌కు ఫోన్ చేసి, తిన్నారా లేదా అని అడిగేవారు కానీ చదివారా అని అడిగేవారు కాదు. ఇవన్నీ చిన్న విషయాలే. ఇప్పుడు అవే ఎక్కువగా గుర్తొస్తున్నాయి.

ఎప్పుడో ఆపరేషన్ చేసి తీసేసిన రొమ్ము జబ్బు మళ్లీ వచ్చిందేమోనని డాక్టర్లకు అనుమానం వచ్చింది ఈమధ్యే. ఆమెకు నడుము నొప్పి తగ్గడం లేదు. ఎముకల స్కాన్ తీయించమన్నారు. అది తీసిన తర్వాత ఆమె బతికింది కొన్ని నెలలే. ఆ నెలల్లో నేను వీలు దొరికినప్పుడల్లా చంద్రగిరి వెళ్లాను. మంచం అంచున కూర్చుని కాళ్లు పట్టాను. బిడ్డ కదలడం మొదలయ్యాక ఆమె అరచెయ్యి నా కడుపు మీద పెట్టుకునేదాన్ని. బిడ్డ తన్నినప్పుడల్లా, "ఒక కౌంటు వచ్చింది," అనేవారు, కిరణాలు లెక్కపెట్టే మిషన్ పక్కన కూర్చున్నప్పటిలాగే. ఆ రోజులు మంచివే. దేవుడు ఆ మాత్రం ఇచ్చాడు. కానీ ఆమె ముఖం గుర్తు తెచ్చుకోవాలని కళ్లు మూసుకుంటే నాకు ఆ మంచం కనపడటం లేదు. స్కాన్ తీసిన రోజే కనపడుతోంది.

చెల్లెలికి మోకాళ్ల నొప్పులు. అందుకని ఆ రోజు మేడం వెంట తిరుపతిలో పెద్దాస్పత్రికి నేను వెళ్లాను. కౌంటర్‌లో కాగితాలు రాయించి, ఇద్దరం మాట్లాడుకుంటూ స్కాన్ గది ఉన్న వైపుకు నడిచాం. ఆ తలుపు మీద పసుపు రంగు రేడియేషన్ గుర్తు, దాని కింద గర్భిణీ స్త్రీలు లోపలికి రాకూడదని బోర్డు. నేను ఆగిపోయాను. నాకు అప్పటికి రెండు నెలలు దాటాయి. మూడు నిండేదాకా ఎవరికీ చెప్పకూడదని అత్త ఆంక్ష. మా అమ్మకు తప్ప బయట ఎవరికీ చెప్పలేదు.

మేడం మాట్లాడుతూనే రెండడుగులు ముందుకు వెళ్లి, పక్కన నేను లేనని చూసి వెనక్కి తిరిగారు. నన్ను చూశారు. బోర్డు చూశారు. మళ్లీ నన్ను చూశారు.

"ఎన్నో నెల?" అన్నారు.

"రెండు దాటింది మేడం. చెప్పకూడదన్నారు, అందుకని..."

"నువ్వు చెప్పలేదులే. బోర్డు చెప్పింది."

తన ఒంట్లో చావు ఉందో లేదో తెలుసుకోవడానికి వెళుతున్న మనిషి ముఖంలో అంత సంతోషం నేను అప్పుడే చూశాను. నవ్వితే కళ్లద్దాలు జారిపోయేవి ఆమెకు. అవి పైకి తోసుకుని, "పో. ఈ తలుపు కాడ నిలబడొద్దు. గేటు కాడికి పోయి ఆ బెంచీ మీద కూసో. నేనొచ్చేదాకా ఆడనే ఉండు," అని ఒంటరిగా లోపలికి వెళ్లిపోయారు.

ఆ స్కాన్ ఎట్లా తీస్తారో నాకు తెలుసు. నరంలోకి ఒక మందు ఎక్కిస్తారు. అది ఎముకల్లో జబ్బు ఉన్న చోట ఎక్కువగా చేరి గామా కిరణాలు విడుస్తుంది. మీద కెమెరా ఉంటుంది. కిరణాలు ఎటునుంచి వచ్చాయో తెలియడానికి ఆ కెమెరా ముందు బొక్కలున్న సీసపు పలక. మందు ఎక్కాక చాలాసేపు ఆగాలి. మధ్యాహ్నమంతా నేను గేటు దగ్గర వేపచెట్టు కింద కూర్చుని, మేం ల్యాబులో చేసిందే ఆమె ఒంటి మీద చేస్తున్నారని తలుచుకుంటూ ఉన్నాను.

ఎండ వాలేవేళకు ఆమె ఆవరణ అవతల మెట్ల మీదకు వచ్చారు. నేను లేచి పరుగున వెళ్లబోతే అరచెయ్యి ఎత్తి ఆపారు. వెంటనే నా ఫోన్ మోగింది. ఆవరణకు ఆ పక్కన ఆమె, ఈ పక్కన నేను, ఒకరినొకరం చూస్తూ ఫోన్లో మాట్లాడుకున్నాం.

"ఆడనే ఉండు. ఇప్పుడు నేనే నక్షత్రాన్ని. నా ఒంట్లోంచి కిరణాలు పోతా ఉండాయి. రేపు ఈ యాలకు సల్లబడతాలే."

"బొమ్మ చూపించారా మేడం?"

"అడిగి సూసినా. పైన సీసపు పలక, నిండా బొక్కలు. ఇన్నేండ్లు దానికి ఈ పక్కనుంచి సూసినా. ఈ పొద్దు ఆ పక్కన పండుకున్నా." ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నారు. "మచ్చలుండాయి మ్మే."

నేను ఏం మాట్లాడానో చెబుతాను. శాస్త్రం చదివిన మనిషిని, ఆమె దగ్గరే చదివిన మనిషిని, "దయ్యాలై ఉండొచ్చు కదా మేడం," అన్నాను. బతిమాలుతున్నట్టు అన్నాను. నాకు ఆ క్షణంలో అవి దయ్యాలు కావాలి. ఇంకేమీ వద్దు.

"నేనూ అదే అనుకున్నా. ఆ కెమెరా అబ్బాయి మంచోడు. పక్కకు తిప్పి ఇంగోసారి తియ్యి నాయనా అంటే తీసినాడు. తుంటి కాడ ఒక మచ్చ ఉండె. మందు చుక్క గుడ్డకు అంటిందేమోనని గుడ్డ మార్చుకోని వచ్చినా. పోయింది. అది దయ్యం." గొంతులో ఏ మార్పూ లేదు, పాఠం చెప్పే గొంతే. "వెన్నుపూసలోవి, పక్కటెముకలోవి మాత్రం యాడివి ఆడనే ఉండాయి. రెండు పక్కలా సూసినా. నిజమే అవి."

నేను నడవడం మొదలుపెట్టాను. ఎట్లా నడిచానో తెలియదు, ఫోన్ చెవి దగ్గరే ఉంది. నేను ముందుకొస్తుంటే ఆమె మెట్ల మీద వెనక్కి జరిగారు.

"రావద్దు. నువ్వు ఒకడుగేస్తే నేను ఒకడుగు ఎనక్కి పోతా. ఈ నడుముతో నన్ను నడిపించొద్దు."

"మేడం, కాస్సేపు పక్కన ఉంటే ఏమీ కాదు. ఎంత సోకుతుందో మీకు తెలుసు, నాకూ తెలుసు. ఆ లెక్క మీరు నేర్పిందే."

"తెలుసు. ఏమీ కాదు," అన్నారు. "లెక్క ఊర్లో వాళ్లకు. నీ బిడ్డకు లెక్క ఏంటికి?"

జీవితంలో ఆమె లెక్కను పక్కన పెట్టడం నేను చూసింది ఆ ఒక్కసారే. నేను ఆగిపోయాను. ఆవరణ మధ్యలో నిలబడి గట్టిగా ఏడ్చాను. అటూ ఇటూ పోయేవాళ్లు చూశారు. ఆస్పత్రిలో ఏడ్చేవాళ్లను ఎవరూ ఏమీ అడగరు. ఆమె అవతల మెట్ల మీద కూర్చుని, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, నా ఏడుపు అయ్యేదాకా విన్నారు. అయ్యాక, "పొద్దున తిన్నిందేనా? ఏమన్నా తినుకోని పోదువు," అన్నారు.

ఇంటికి ఒక ఆటోలో పోవడానికి కూడా ఆమె ఒప్పుకోలేదు. ముందు తను ఒకటి మాట్లాడుకున్నారు, తర్వాత నాకు ఒకటి మాట్లాడించారు, అదీ దూరం నుంచే, కేక వేసి. "ఇద్దరూ ఒక దోవనే కదా పోతాండారు, రెండు ఆటోలెందుకక్కా?" అన్నాడు నా ఆటో అతను. "అట్లే పోదాం అన్నా. ఆ ముందు ఆటో ఎనకాలే పోనీ," అన్నాను.

మేడం ఆటో ముందు కదిలింది. బస్టాండు దగ్గర జనం, కొండకు పోయే జీపులు, తోపుడు బండ్లు. ట్రాఫిక్ ఆగిన చోటల్లా మా ఆటో ముందుకు పోయి వాళ్ల ఆటోకు ఆనుకోబోయేది. అప్పుడల్లా ఆ ఆటో పక్కనుంచి ఒక చెయ్యి బయటికొచ్చి, వెనక్కి ఉండమన్నట్టు మెల్లగా ఊగేది. గాజులు లేని చెయ్యి, మణికట్టు దగ్గర సూది గుచ్చిన చోట తెల్ల ప్లాస్టరు.

"ఆయమ్మ ఏందో సైగ చేస్తాండాది. పక్కకు పోనిద్దామా?" అన్నాడు అతను.

"వద్దన్నా. ఎంత దూరం ఉండమంటే అంత దూరంలోనే పోనీ."

ఊరు దాటాక రోడ్డు ఖాళీ అయింది. ఆనుకునే భయం లేకపోయినా ఆ చెయ్యి లోపలికి పోలేదు. నేను ఉన్నానని తెలుసు ఆమెకు. దారిలోనే ఉన్న మా వీధి మలుపు వచ్చింది. ఆటో అతను హారన్ కొట్టి, ఇక్కడే కదా తిరగాల్సింది అన్నాడు. తిప్పొద్దన్నాను. ఎండ పూర్తిగా దిగిపోతున్న ఆ రోడ్డు మీద, ఆ చెయ్యి చెప్పినంత దూరంలో, చంద్రగిరి దాకా ఆమె వెనకాలే వెళ్లాను.